డేటా 2.1 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా ఉంది, అయినా మాలిక్యులర్ రీప్లేస్‌మెంట్ కుదరడం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

తడిచుక్క:

నమస్తే. మూడు వారాలుగా మాలిక్యులర్ రీప్లేస్‌మెంట్ (ముందే ఉన్న మోడల్‌ని డేటాలో సరైన చోట కూర్చోబెట్టి నిర్మాణం తేల్చే పద్ధతి) దగ్గరే ఇరుక్కుపోయాను. మా ల్యాబ్‌లో క్రిస్టలోగ్రఫీ (ప్రోటీన్ క్రిస్టల్స్ మీద ఎక్స్‌రేలు వేసి ఆకారం తేల్చే పని) చేసేది నేనొక్కదాన్నే, పక్కన కూర్చుని చూసిపెట్టేవాళ్ళు లేరు, అందుకే వివరాలన్నీ ఇక్కడ పెడుతున్నాను. పోస్టు పొడుగైంది, కాస్త ఓపిగ్గా చదవండి.

నా ప్రోటీన్‌లో 308 అమైనో ఆమ్లాలున్నాయి, బరువు 34 కిలోడాల్టన్లు. ముందు ఒక చిన్న డొమైన్, వెనక ఒక పెద్ద డొమైన్, రెంటి మధ్య ఒక లింకర్. ఈ.కోలై బీఎల్21లో తయారుచేసి, నికెల్ కాలమ్ మీద పట్టి, టెవ్ ప్రోటియేజ్‌తో హిస్ ట్యాగ్ తీసేసి, మళ్ళీ నికెల్ కాలమ్ మీంచి పంపి, చివర జెల్ ఫిల్ట్రేషన్ చేశాను. ఎస్‌డీఎస్ జెల్ మీద ఒకటే బ్యాండ్, జెల్ ఫిల్ట్రేషన్‌లో ఒకటే పీక్, ఎక్కడా అనుమానం రాలేదు. మిల్లీలీటరుకి 12 మిల్లీగ్రాముల గాఢతలో, 20 డిగ్రీల దగ్గర ట్రేలు పెట్టాను. మొదటి రెండు నెలలు ఏ చుక్కలోనూ ఏమీ లేదు, ఆశ వదిలేసుకున్నాను. నాలుగో నెలలో వేరే పని మీద ట్రే తీసి చూస్తే 20 శాతం పెగ్ 3350, 0.2 మోలార్ పొటాషియం థయోసయనేట్ ఉన్న వెల్‌లో ఏడెనిమిది క్రిస్టల్స్ కనిపించాయి, అంచులు పదునుగా, ఒక్కోటీ 100 మైక్రాన్ల పొడవు. ఆ రోజు సంతోషం మాటల్లో చెప్పలేను.

సింక్రోట్రాన్‌లో డేటా తీశాం. ఎక్స్‌డీఎస్ ప్రోగ్రామ్‌తో ప్రాసెస్ చేస్తే స్పేస్ గ్రూప్ (క్రిస్టల్ సిమెట్రీ) పీ 2₁2₁2₁, సెల్ (క్రిస్టల్‌లో మళ్ళీ మళ్ళీ వచ్చే పెట్టె) 42, 58, 79 ఆంగ్‌స్ట్రామ్‌లు. రిజల్యూషన్ 2.1, చివరి షెల్‌లో సీసీ-హాఫ్ 0.42, కంప్లీట్‌నెస్ 99 శాతం, మల్టిప్లిసిటీ 6.5, ఆర్-మీస్ మొత్తం మీద 7 శాతం. ఐస్ రింగ్స్ లేవు. చూడ్డానికి ఇంతకన్నా మంచి డేటా నాకెప్పుడూ రాలేదు.

ఇక ఆల్ఫాఫోల్డ్ (సీక్వెన్స్ నుంచి ఆకారం ఊహించే ఏఐ) మోడల్ పెట్టి, దాని చోటు వెతికే ఫేజర్ ప్రోగ్రామ్ నడిపిస్తే టీఎఫ్‌జెడ్ (దొరికిన చోటు ఎంత నమ్మదగిందో చెప్పే స్కోరు) 5 దాటడం లేదు, పైగా మొదటి సొల్యూషన్‌ని ప్యాకింగ్ దగ్గర (పక్క అణువులతో గుద్దుకుంటోందని) కొట్టేస్తోంది. క్లాషెస్ పరిమితి పెంచి బలవంతంగా ఒప్పించి రిఫైన్ చేశాను, ఆర్-ఫ్రీ (మోడల్‌కి చూపించకుండా పక్కన పెట్టిన డేటాతో తేడా, తక్కువైతే మేలు) 0.54 దగ్గర కదలకుండా కూర్చుంది. అన్ని స్పేస్ గ్రూపుల్లోనూ వెతకమన్నాను, అదే వరస. మాథ్యూస్ లెక్క (సెల్‌లో ఎన్ని ప్రోటీన్ కాపీలు పడతాయో చూసేది) ప్రోగ్రామ్ ఒక కాపీ అని, ప్రాబబిలిటీ 1.00 అని చూపించింది కాబట్టి ఒక కాపీనే వెతుకుతున్నాను. మోడల్ తప్పా, డేటా తప్పా, నేను ఏదైనా కీవర్డ్ మర్చిపోయానా? సెలీనోమెథియోనిన్‌తో (మోడల్ లేకుండా నిర్మాణం తేల్చడానికి సెలీనియం చేర్చిన ప్రోటీన్‌తో) మళ్ళీ మొదటి నుంచి చేయమంటే ఇంకో ఐదారు నెలలు పోతాయి, అదే టెన్షన్.


పాతలూప్:

కీవర్డ్స్ సంగతి తర్వాత చూద్దాం, ముందు కాలిక్యులేటర్ తీయండి. 42 × 58 × 79 అంటే 1,92,444 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు. పీ 2₁2₁2₁లో నాలుగు ఎసిమెట్రిక్ యూనిట్లు (సిమెట్రీతో తిరిగి సెల్‌ని నింపే ముక్కలు), అంటే ఒక్కోదానికి 48,111. దాన్ని 34,000తో భాగిస్తే 1.41 వస్తుంది. ద్రావణం భాగం కావాలంటే 1.23ని ఆ 1.41తో భాగించి ఒకటిలోంచి తీసేయాలి, 13 శాతం దగ్గర తేలుతుంది. మాథ్యూస్ ఈ లెక్క 1968లో ఇచ్చినప్పటి నుంచీ ప్రోటీన్ క్రిస్టల్స్ దాదాపు అన్నీ 1.7కీ 3.5కీ మధ్యే ఉంటూ వస్తున్నాయి, క్రిస్టల్‌లో ఇంచుమించు సగం నీరే ఉంటుంది. 13 శాతం నీటితో, అదీ మధ్యలో లింకర్ ఉన్న రెండు డొమైన్ల ప్రోటీన్ కూరుకుని క్రిస్టల్ కట్టడమంటే నేను నమ్మలేను.

ప్రోగ్రామ్ చూపించిన ఆ 1.00 మిమ్మల్ని పక్కదారి పట్టించింది. మీరిచ్చిన బరువుకి రెండు కాపీలు ఎలాగూ పట్టవు, మిగిలింది ఒకటే కాబట్టి ఉన్న ప్రాబబిలిటీ అంతా దానికే వెళ్ళింది. ఆ ఒక్కటైనా నిజంగా పడుతుందా అని అది మిమ్మల్ని అడగదు, మీరే పక్క కాలమ్‌లో సాల్వెంట్ శాతం చూసుకోవాలి. కొత్తవాళ్ళకి నేను మొదట చూపించేది ఆ కాలమ్‌నే.

ఇప్పుడు నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. అసలు సిమెట్రీ తక్కువై ఉండొచ్చు, అంటే నిజానికి పీ 2₁ అయ్యి, బీటా కోణం 90కి దగ్గరగా ఉండి, ట్విన్నింగ్ (వేరే దిశల్లో పెరిగిన క్రిస్టల్ భాగాలు కలిసిపోవడం) వల్ల ఆర్థోరాంబిక్‌లా కనిపిస్తూ ఉండొచ్చు. అప్పుడు ఎసిమెట్రిక్ యూనిట్ రెండింతలవుతుంది, 2.83 వస్తుంది, లెక్క సరిపోతుంది. ఎక్స్‌ట్రియేజ్‌లో ఎల్-టెస్ట్ ఎంత వచ్చిందో చెప్పండి, సగటు 0.5 దగ్గరుంటే ట్విన్నింగ్ లేనట్టు, 0.375కి జారితే పూర్తి ట్విన్. రెండో దారి, ఇది మీ ప్రోటీనే కాదు, ఈ.కోలైది ఏదో వచ్చి క్రిస్టల్ కట్టింది. మూడోది, ఇది మీ ప్రోటీనే, కానీ పూర్తిది కాదు. నాలుగు నెలలకి క్రిస్టల్స్ వచ్చాయన్నారు చూశారా, ఆ మాట దగ్గరే నా చూపు ఆగిపోయింది. రెండు నెలలు ఖాళీగా ఉన్న చుక్కలో హఠాత్తుగా క్రిస్టల్స్ వస్తే, మధ్యలో చుక్క ఎండి చిక్కబడిందా, లేక లోపలి ప్రోటీన్ తెగిపోయి పొట్టిదైందా అని అడగాలి. నా పందెం తెగిపోవడం మీదే.


ప్లాట్‌చూపు:

పాతలూప్ గారి లెక్కతో ఏకీభవిస్తున్నాను. అయితే జెల్‌లూ అవీ మొదలుపెట్టే ముందు కంప్యూటర్ దగ్గర పది నిమిషాల పని ఉంది, అది చేయండి.

ఆల్ఫాఫోల్డ్ ఫైల్‌ని ఉన్నదున్నట్టు ఫేజర్‌కి ఇచ్చారా? ఇచ్చుంటే రెండు తప్పులు జరిగాయి. ఆ ఫైల్‌లో బీ-ఫ్యాక్టర్ ఉండాల్సిన కాలమ్‌లో పీఎల్‌డీడీటీ ఉంటుంది. బీ-ఫ్యాక్టర్ ఎక్కువైతే అక్కడ ఆటమ్ వదులుగా ఉన్నట్టు, పీఎల్‌డీడీటీ ఎక్కువైతే అక్కడ నమ్మకం ఎక్కువున్నట్టు, అంటే అర్థం పూర్తిగా తిరగబడింది. మార్చకుండా ఇస్తే బాగా నమ్మదగిన హెలిక్సులకి తక్కువ బరువు, గాల్లో వేలాడే తోకలకి ఎక్కువ బరువు పడుతుంది. ఫీనిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ప్రిడిక్టెడ్ మోడల్‌ని సరిచేసే టూల్ ఈ మార్పిడి చేసి, పీఎల్‌డీడీటీ 70 కంటే తక్కువున్న భాగాలు కోసేసి, డొమైన్లుగా కూడా విడదీస్తుంది. సీసీపీ4లో స్లైస్-ఎన్-డైస్ అదే పని చేస్తుంది.

రెండోది ఇంకా ముఖ్యం. ఆల్ఫాఫోల్డ్ ఇచ్చే పీఏఈ ప్లాట్ (ఏ రెండు భాగాల మధ్య అమరికని ఎంత నమ్మొచ్చో చూపే పటం) తెరిచి చూడండి. డయాగొనల్ మీద రెండు ముదురు చదరాలుండి, వాటి మధ్య మూలలు తెల్లగా ఉంటే, ఒక డొమైన్ రెండోదానికి ఏ వైపు తిరిగి ఉందో ఆల్ఫాఫోల్డ్‌కి తెలియదన్నమాట. తెరమీద కనిపించే అమరిక ఏదో ఒకటి పెట్టాలి కాబట్టి పెట్టినదే. దాన్ని ఒకే గట్టి ముక్కలా తీసుకుని వెతికితే ఒక డొమైన్ సరైన చోట కూర్చున్నా రెండోది పక్కన ఉన్న అణువులోకి దూసుకుపోతుంది. అప్పుడు ఫేజర్ ఏం చేస్తుంది? ప్యాకింగ్ సరిపోలేదని ఆ సరైన సొల్యూషన్‌ని కూడా కొట్టేస్తుంది. మీరు రాసింది సరిగ్గా ఇదే. అలాంటప్పుడు క్లాషెస్ పరిమితి పెంచకూడదండి, మోడల్‌ని చిన్నది చేయాలి. ప్యాకింగ్ దగ్గర తిరస్కరించిందంటే ఆ సొల్యూషన్‌ని పారేయకుండా కూట్ ప్రోగ్రామ్‌లో తెరిచి, ఏ భాగం పొడుచుకుంటోందో కళ్ళతో చూడాలి. మొదటి డొమైన్ ఒక్కటీ, రెండో డొమైన్ ఒక్కటీ విడివిడిగా వెతికి టీఎఫ్‌జెడ్ చెప్పండి. 8 దాటితే సందేహం అక్కర్లేదు.

ఇది కుదిరితే జెల్ నడిపే శ్రమ కూడా తప్పుతుందని నా అభిప్రాయం.


వెండిమరక:

శ్రమ తప్పదండి, తప్పకూడదు కూడా. కంప్యూటర్‌లో ఒక డొమైన్ దొరికిందనుకోండి, రెండోది తెగిపోయిందా, లేక అక్కడే ఉండి కదులుతూ డెన్సిటీలో (డేటా నుంచి గీసిన ఎలక్ట్రాన్ల మ్యాప్‌లో) కనిపించడం లేదా అన్నది మ్యాప్ ఒక్కటే చెప్పలేదు. ఈ కేసులో చోటు లేదని లెక్క చెప్తోంది నిజమే, కానీ రేపు పేపర్‌లో ఎవరైనా అడిగితే క్రిస్టల్‌లో ఏముందో చూపించాల్సింది మీరే. మిగతా క్రిస్టల్స్ ఇంకా చుక్కలో ఉన్నాయంటే ఇప్పుడే చేయండి, తర్వాత కరిగిపోతే చేతిలో ఏమీ మిగలదు.

ఎలా చేస్తానో చెప్తాను. కొత్త కవర్ స్లిప్ మీద మూడు చుక్కలు వెల్ ద్రావణం పెడతాను, ప్రోటీన్ లేకుండా. క్రిస్టల్‌ని లూప్‌తో ఎత్తి మొదటి చుక్కలో వదిలి, అర నిమిషం ఆగి, రెండోదానికి, అక్కణ్ణుంచి మూడోదానికి. బయట అంటుకున్న కరిగిన ప్రోటీన్ పోవాలి, లేకపోతే మీరు జెల్ మీద చూసేది చుక్కనే, క్రిస్టల్‌ని కాదు. మూడో చుక్క ద్రావణాన్ని కూడా ఒక లేన్‌లో వేయండి, అది ఖాళీగా ఉంటేనే క్రిస్టల్ లేన్‌కి విలువ. 50 × 50 × 100 మైక్రాన్ల క్రిస్టల్‌లో ప్రోటీన్ ఇంచుమించు 0.16 మైక్రోగ్రాములుంటుంది, కూమాసీ రంగుతో అతికష్టమ్మీద కనిపిస్తుంది, అందుకే రెండు మూడు క్రిస్టల్స్ కలిపి సిల్వర్ స్టెయిన్ చేయండి.

మీ కండిషన్‌లో ఒక ముల్లుంది, జాగ్రత్త. పొటాషియం. ఎస్‌డీఎస్‌లో సోడియం స్థానంలోకి పొటాషియం వస్తే అది నీళ్ళలో కరగదు, శాంపిల్ బఫర్ పోయగానే తెల్లగా పెరుగులా విరిగిపోతుంది, జెల్ వెల్‌లో ముద్దగా కూర్చుంటుంది, ప్రోటీన్‌ని కూడా పట్టుకుని ఉంచేస్తుంది. క్రిస్టల్ లేన్‌కి భయం లేదు, మూడో చుక్కలోంచి లూప్‌తో తీసి 10 మైక్రోలీటర్ల నీళ్ళలో వదిలి, కరిగాక బఫర్ కలపండి, లూప్‌తో వచ్చే పొటాషియం లెక్కలోకి రాదు. కడిగిన చుక్కకీ, అసలు చుక్కకీ మాత్రం ఇబ్బందే, వాటిని బాగా నీళ్ళు కలిపి పలచన చేసి, కొంచెమే తీసుకుని వేయాలి.

ఇంకో సంగతి. ఫ్రిజ్‌లో గానీ ఫ్రీజర్‌లో గానీ అదే బ్యాచ్ ప్రోటీన్ మిగిలి ఉంటే 20 డిగ్రీల్లో పెట్టి వారానికోసారి కొంచెం తీసి జెల్ నడపండి. ప్యూరిఫికేషన్ రోజు ఒకటే బ్యాండ్ ఉందంటే అది ఆ రోజు సంగతి. బీఎల్21లో లాన్, ఆంప్‌టీ అనే రెండు ప్రోటియేజ్‌లు లేవు గానీ మిగతావి చాలానే ఉన్నాయి. జెల్ మీద కంటికి ఆనని మోతాదులో ఒకటి వెంట వచ్చినా నాలుగు నెలల్లో దాని పని అది చేసుకుపోతుంది.


తడిచుక్క:

ముగ్గురికీ చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి నుంచి జరిగింది వరసగా చెప్తాను.

ముందు ఎల్-టెస్ట్, సగటు 0.49, ట్విన్నింగ్ లేదు. పీడీబీలో (ప్రోటీన్ నిర్మాణాల డేటాబేస్‌లో) ఇదే సెల్ కొలతలున్న ఎంట్రీల కోసం వెతికాను, ఈ.కోలై కాలుష్యాల మీద సింబాడ్ ప్రోగ్రామ్ కూడా నడిపాను, ఏదీ పొసగలేదు. అంటే పాతలూప్ గారి మూడో దారే మిగిలింది.

పీఏఈ ప్లాట్ ప్లాట్‌చూపు గారు చెప్పినట్టే ఉంది, రెండు ముదురు చదరాలు, మూలలు తెలుపు. ఇన్నాళ్ళూ నేను ఆ ప్లాట్ తెరవనే లేదు. ముందు డొమైన్ ఒక్కటీ వెతికితే టీఎఫ్‌జెడ్ 4.8, ఏమీ లేదు. వెనక డొమైన్ ఒక్కటీ, 147 నుంచి 308 దాకా, బీ-ఫ్యాక్టర్లు మార్చి పెడితే టీఎఫ్‌జెడ్ 19.4, ఎల్‌ఎల్‌జీ 640. రెండు నిమిషాల్లో. మొదట నేను నమ్మలేదు, మోడల్ బయాస్ (మ్యాప్ మోడల్‌నే తిరిగి చూపించడం) అయి ఉంటుందేమో అనిపించి, మోడల్‌లోంచి ఒక ట్రిప్టోఫాన్‌నీ దాని పక్కన ఉన్న నాలుగు రెసిడ్యూలనీ తీసేసి రిఫైన్ చేసి మ్యాప్ తెరిచాను. తీసేసిన చోట పచ్చటి డిఫరెన్స్ డెన్సిటీ (మోడల్‌లో లేనిది డేటాలో ఉందన్న గుర్తు), ట్రిప్టోఫాన్ రెండు వలయాలూ స్పష్టంగా, పలకలా నిలబడి ఉన్నాయి. చాలాసేపు దాన్నే తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు ఆర్-వర్క్ 0.21, ఆర్-ఫ్రీ 0.25. మోడల్‌కి ముందు వైపు ఇంకో ఎనిమిది రెసిడ్యూలకి డెన్సిటీ ఉంది, 139 దాకా కట్టగలిగాను, అంతకు ముందు ఏమీ లేదు.

జెల్ కూడా చేశాను. వెండిమరక గారు ముందే హెచ్చరించినా కడిగిన చుక్కని సరిగా పలచన చేయలేదు, బఫర్ పోయగానే ట్యూబ్‌లో తెల్లటి పెరుగు, ఆ లేన్ పాడైంది, మళ్ళీ చేశాను. రెండోసారి కడిగిన చుక్క ఖాళీ. క్రిస్టల్స్ లేన్‌లో 19 కిలోడాల్టన్ల దగ్గర ఒక్కటే బ్యాండ్, 34 దగ్గర జాడ కూడా లేదు. అసలు చుక్కలో 19తో పాటు 15 దగ్గర పలచటి బ్యాండ్ ఉంది, అంటే తెగిపోయిన ముందు డొమైన్ ద్రావణంలోనే ఉండిపోయింది. కరిగించిన క్రిస్టల్‌ని మాస్ స్పెక్‌కి కూడా ఇచ్చాను, 139 నుంచి 308 దాకా ఉండే ముక్కకి సరిపోయే బరువు వచ్చింది, అంటే 138వ స్థానంలోని లైసిన్ తర్వాత తెగింది. 48,111ని 19,000తో భాగిస్తే 2.53, నీరు 51 శాతం. మొదటి రోజే ఈ భాగహారం చేసి ఉంటే మూడు వారాలు మిగిలేవి.

ఇక నా ప్రశ్న, ఇలా తెగిపోయిన ముక్క క్రిస్టల్‌తో పేపర్ రాయొచ్చా? మా గైడ్‌కి పూర్తి ప్రోటీన్ కావాలి.


పాతలూప్:

చదివి చాలా సంతోషమేసింది, ముఖ్యంగా ట్రిప్టోఫాన్‌ని తీసి చూసినందుకు. ఆర్-ఫ్రీని 1992లో బ్రంగర్ తెచ్చిందే రిఫైన్‌మెంట్‌లో మనల్ని మనం నమ్మించుకోకుండా ఉండడానికి. మీరు చేసిన పరీక్ష కూడా ఆ కోవలోదే, పైగా కంటికి కనిపిస్తుంది.

రాయొచ్చు, నిక్షేపంగా రాయొచ్చు. చుక్కలో కావాలనే కొంచెం ట్రిప్సిన్ గానీ కైమోట్రిప్సిన్ గానీ కలిపి, వదులు భాగాలు తెగనిచ్చి, గట్టి కోర్‌ని క్రిస్టల్ కట్టనివ్వడం 2007 నుంచి పేరున్న పద్ధతి, బరువులో వెయ్యికి ఒక వంతు ప్రోటియేజ్ కలిపితే చాలు. మీకు అది కోరకుండా జరిగింది. కానీ పీడీబీలో పెట్టేటప్పుడు ఏం తయారుచేశారో, క్రిస్టల్‌లో ఏముందో రెండూ స్పష్టంగా రాయండి. పేపర్‌లో "పూర్తి ప్రోటీన్ నిర్మాణం" అని ఒక్క వాక్యంలోనూ రానివ్వకండి. రెండు డొమైన్లు ఒకదాన్నొకటి ఎలా తాకుతాయో ఈ నిర్మాణం చెప్పదు, ఆల్ఫాఫోల్డ్ బొమ్మలోని అమరికని పక్కన అతికించి చూపించాలని కూడా అనిపిస్తుంది, పీఏఈ తెల్లగా ఉన్నప్పుడు ఆ పని వద్దు. మీ గైడ్‌కి ఈ ప్లాట్‌నే చూపించండి, మాటలకన్నా అది తేలిగ్గా అర్థమవుతుంది.

చేయాల్సిన పని ఇంకొకటి, 139 నుంచి 308 దాకా కొత్త కన్‌స్ట్రక్ట్ (ఆ ముక్కని మాత్రమే తయారుచేసే జీన్) చేయించండి. తెగినచోటనే మొదలుపెట్టడం ఒకటి, ఐదారు రెసిడ్యూలు ముందు నుంచి ఒకటి, రెండూ కలిపే చేయించండి, ఒకటి మొరాయించినా ఇంకోటుంటుంది. అప్పుడు నాలుగు నెలలు ఆగాల్సిన పని ఉండదు, మళ్ళీ మళ్ళీ వచ్చే క్రిస్టల్స్ దొరుకుతాయి, లైగాండ్‌తో (ప్రోటీన్‌కి అంటుకునే అణువుతో) నానబెట్టాలన్నా అవే కావాలి. కొత్త క్రిస్టల్స్ ఇదే సెల్‌లో వస్తే ఒక జాగ్రత్త, ఇప్పటి డేటాలోని ఆర్-ఫ్రీ ఫ్లాగ్స్‌ని (ఏ రిఫ్లెక్షన్లు పక్కన పెట్టామో చెప్పే గుర్తుల్ని) కొత్త డేటాకి కాపీ చేసుకోండి. కొత్తగా ఎంచుకుంటే ఇంతకుముందు మోడల్ చూసేసిన రిఫ్లెక్షన్లే పరీక్ష పేపర్లోకి వచ్చినట్టవుతుంది, ఆర్-ఫ్రీ అకారణంగా తక్కువగా కనిపిస్తుంది.

పూర్తి ప్రోటీన్ కావాలంటే మాత్రం ప్యూరిఫికేషన్ త్వరగా, చల్లగా సాగాలి, ప్రోటియేజ్ ఇన్హిబిటర్లు సరిగా వాడాలి. పీఎమ్‌ఎస్‌ఎఫ్ ఒకసారి వేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి, పీహెచ్ 8లో, 25 డిగ్రీల దగ్గర అరగంటకే దాదాపు సగం అయిపోతుంది, పైగా అది ఆపేది ప్రధానంగా సెరీన్ ప్రోటియేజ్‌లనే. ఈడీటీఏ కలపబోతే నికెల్ కాలమ్ ఖాళీ అవుతుంది. 138 దగ్గరి లైసిన్‌ని మార్చి చూడటం కూడా ఒక దారి, కానీ లింకర్‌లో పక్కనే ఇంకో లైసిన్ ఉంటే అక్కడ తెగుతుంది.


ప్లాట్‌చూపు:

జెల్ శ్రమ తప్పుతుందన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. చుక్కలో ఆ 15 కిలోడాల్టన్ల బ్యాండ్ కనిపించడం వల్లే కథ పూర్తయింది, మ్యాప్ చూసి అది తెలిసేది కాదు.


తడిచుక్క:

ఆరు వారాల తర్వాత మళ్ళీ వచ్చాను. కొత్త కన్‌స్ట్రక్ట్‌లు రెండూ పనిచేశాయి, 139 నుంచి మొదలైంది అయితే ఐదో రోజుకే క్రిస్టల్స్ ఇచ్చింది, అదే కండిషన్‌లో, అదే సెల్. ఫ్లాగ్స్ కాపీ చేసుకున్నాను. ఇప్పుడు 1.8 దాకా డేటా ఉంది.

ఒక కొత్త సందేహం. మూడు హిస్టిడిన్లు ఒక చోట కలిసే దగ్గర గుండ్రటి గట్టి డెన్సిటీ ఉంది, నీళ్ళు పెడితే ఇంకా పచ్చగా మిగిలిపోతోంది, నైట్రోజన్ దాకా దూరాలు 2.1 ఆంగ్‌స్ట్రామ్‌లు. జింక్ అనుకుంటున్నాను. అనామలస్ మ్యాప్‌లో (లోహాల్లాంటి బరువైన ఆటమ్‌లు మెరిసే మ్యాప్‌లో) అక్కడ 14 సిగ్మాల పీక్ వచ్చింది, డేటా తీసింది 0.9795 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర. జింక్ అనడానికి ఇది సరిపోతుందా?


వెండిమరక:

లోహమని చెప్పడానికి చాలు, జింక్ అని చెప్పడానికి చాలదు. మీరు నికెల్ కాలమ్ మీద పట్టిన ప్రోటీన్ ఇది, మూడు హిస్టిడిన్లున్న చోటికి నికెల్ రావడం చాలా మామూలు. 0.9795 అంటే 12.66 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, జింక్ ఎడ్జ్ (ఆ ఎనర్జీ దాటితేనే లోహం గట్టి పీక్ ఇస్తుంది) 9.66, నికెల్ ఎడ్జ్ 8.33, మీరు రెంటికీ పైనే ఉన్నారు కాబట్టి రెండిట్లో ఏదున్నా పీక్ వస్తుంది. దూరాలు కూడా రెంటికీ దాదాపు అంతే.

ఈసారి బీమ్‌టైమ్‌లో ముందు క్రిస్టల్ మీద ఫ్లోరెసెన్స్ స్పెక్ట్రమ్ తీయమనండి, జింక్ అయితే 8.64 దగ్గర, నికెల్ అయితే 7.48 దగ్గర గీత లేస్తుంది. అయితే లూప్‌లోని ద్రావణంలో తేలే లోహం కూడా అక్కడ కనిపిస్తుంది, కాబట్టి దానితో ఆగకండి. 9.5 దగ్గర ఇంకో డేటాసెట్ తీయండి, జింక్ ఎడ్జ్‌కి కింద, నికెల్‌కి పైన. అదే చోట పీక్ మాయమైతే జింక్, నిలబడితే నికెల్. రెండు డేటాసెట్లూ ఒకే క్రిస్టల్ మీద తీసేట్టయితే 9.5ది ముందు తీయండి. అది రెండోదిగా తీసి, పీక్ తగ్గిందనుకోండి, ఎనర్జీ వల్ల తగ్గిందా, రేడియేషన్ దెబ్బకి లోహం ఊడిపోయిందా అన్నది తేల్చలేరు.


తడిచుక్క:

తీశాం. స్పెక్ట్రమ్‌లో 8.64 దగ్గర ఎత్తుగా, 7.48 దగ్గర చిన్నగా, రెండూ ఉన్నాయి, చూడగానే గుండె జారింది. 9.5 డేటాసెట్‌లో మాత్రం ఆ హిస్టిడిన్ల దగ్గర 3 సిగ్మాలు కూడా లేదు, తర్వాత అదే క్రిస్టల్ మీద 12.66 దగ్గర తీస్తే 13 సిగ్మాలు. జింక్ అనే పెట్టాను, ఆక్యుపెన్సీ (ఆ చోటు ఎంత భాగం నిండిందో) 0.9 దగ్గర నిలిచింది. ఆ కొంచెం నికెల్ ద్రావణంలోదే అయి ఉంటుంది, క్రిస్టల్‌లో ఇంకెక్కడా అనామలస్ పీక్ లేదు. రెండు ఎనర్జీల మ్యాప్‌లూ పక్కపక్కన పెట్టి సప్లిమెంటరీ ఫిగర్ చేస్తున్నాను, పక్కనే మీరు చెప్పి చేయించిన జెల్ ఫోటో, ఖాళీ లేన్‌తో సహా.